మాత్ర దారి వేరు, చర్మం దారి వేరు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ మహిళల పేజీలో మెనోపాజ్ (నెలసరి ఆగిపోవడం) మీద వచ్చిన వ్యాసాన్ని మా స్కూల్ స్టాఫ్ రూములో ఆరుగురం టీచర్లం మధ్యాహ్నం బాక్సులు తెరుచుకుని మరీ చదివాం. ఆరుగురిలో నలుగురం నలభై ఎనిమిది దాటినవాళ్ళమే కాబట్టి ఎంత శ్రద్ధగా చదివామో మీరే ఊహించుకోండి. నడవమన్నారు, రాగులు తినమన్నారు, పాలు తాగమన్నారు, టెన్షన్ పడొద్దన్నారు (ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు, ఇంటర్ చదివే పిల్లాడు ఉన్నప్పుడు అదెలాగో కూడా ఒక బాక్సు కట్టి వేసుంటే బాగుండేది). అంతా బానే ఉంది. తీరా ఒంట్లో వచ్చే ఆవిర్లకు మందు దగ్గరకొచ్చేసరికి ఒక్క ముక్కలో తేల్చేశారు. హార్మోన్లు వాడితే క్యాన్సర్, గుండెపోటు వస్తాయి, వాటి జోలికి పోకండి, అని. ఆ ఒక్క ముక్క మీదే ఈ ఉత్తరం.

ఎందుకంటే నేను ఏడాదిన్నరగా ఆ జోలికే పోయాను. మింగే మాత్ర కాదు, జెల్. పొద్దున్న స్నానం చేశాక చేతికి రాసుకుంటాను.

నాకు 51 ఏళ్ళు. సైన్సు చెబుతాను. మొదటిసారి ఆవిరి వచ్చింది క్లాసులోనే, అదీ ఎనిమిదో తరగతికి బాష్పీభవనం చెబుతుండగా. చెమట ఆరితే ఒళ్ళెందుకు చల్లబడుతుందో బోర్డు మీద రాస్తున్నాను, గుండెల దగ్గర ఎవరో పొయ్యి అంటించినట్టు మొదలై మెడ మీదుగా చెవుల దాకా పాకింది, జాకెట్టు వీపంతా తడిసిపోయింది. మూడు నిమిషాలుంటుందేమో. తరవాత అదే జనవరి చలికి వణుకు. ముందు బెంచీలో పిల్ల లేచి "టీచర్, నీళ్ళు తెమ్మంటారా" అంది. అక్కడి నుంచి రోజుకు ఎనిమిది పది సార్లు. రాత్రిళ్ళు నాలుగుసార్లు లేచి ఫ్యాను పెంచడం, మా ఆయన లేచి తగ్గించడం. ఒంటికి వేడి చేసిందమ్మా, సబ్జా నానబెట్టుకో అన్నారు మా అత్తగారు. సబ్జా తాగాను, బార్లీ తాగాను, గసగసాలు నూరుకుని తాగాను. అది కడుపులో వేడి అయితే కదా తగ్గడానికి. ఒంటి ఉష్ణోగ్రతను కనిపెట్టుకుని ఉండే థర్మోస్టాట్ మెదడులో హైపోథాలమస్ అనే చోట ఉంటుంది, ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ పడిపోయేసరికి దానికి చాదస్తం పట్టుకుంటుంది, పిసరంత వేడి పెరిగినా కొంప మునిగినట్టు రక్తనాళాలన్నీ తెరిచి చెమట పట్టించేస్తుంది. ఓ ఏడాది ఓర్చుకుంటే పోతుంది అంటారు చాలామంది. అమెరికాలో ఏళ్ళ తరబడి ఆడవాళ్ళను వెంట ఉండి చూసిన ఒక పెద్ద అధ్యయనం 2015లో చెప్పిన లెక్క ప్రకారం తరచుగా ఆవిర్లు వచ్చేవాళ్ళలో సగం మందికి ఏడేళ్ళు దాటే ఉన్నాయి.

మొదట చూపించుకున్న డాక్టరమ్మ కాల్షియం రాసి, ఈ వయసులో మామూలే ఓర్చుకోవాలి అన్నారు. హార్మోన్ సంగతి నేనే అడిగాను. "క్యాన్సర్ తెచ్చుకుంటారా" అన్నారు. ఇంకేం మాట్లాడతాం. ఎనిమిది నెలల తరవాత నిద్ర లేక స్కూల్లో ఒక పిల్లాడి మీద అనవసరంగా అరిచిన రోజున, ఇంటికొచ్చి ఏడ్చి, వేరే డాక్టరు దగ్గరకు వెళ్ళాను. ఆవిడ చేసింది పెద్దగా ఏం లేదండి, పావుగంట కూర్చోబెట్టి అసలు ఆ భయం ఎక్కడ పుట్టిందో చెప్పారు. ఇంటికొచ్చి నేనూ చదువుకున్నాను. మీ వ్యాసంలో ఉండాల్సింది, లేనిది అదే.

2002 జులైలో అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పరిశోధనలో ఒక భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. 16,608 మంది ఆడవాళ్ళు, సగటు వయసు 63. అంటే చాలామందికి నెలసరి ఆగి పదేళ్ళు దాటిపోయింది. వాళ్ళకిచ్చింది నోటితో మింగే మాత్ర. అందులో ఈస్ట్రోజన్ చూలు గుర్రాల మూత్రం నుంచి తీసింది (మా స్టాఫ్ రూములో ఈ మాట చెప్పగానే ఇద్దరు బాక్సులు మూసేశారు), దానికి తోడు మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ అనే కృత్రిమ హార్మోన్. పదివేల మంది ఏడాది పాటు వాడితే రొమ్ము క్యాన్సర్లు 8, గుండె జబ్బులు 7, పక్షవాతాలు 8, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు 8 అదనంగా వచ్చాయి. ఇవి కొట్టిపారేసే అంకెలు కావు. కానీ ప్రపంచమంతా పేపర్లలో "హార్మోన్లతో క్యాన్సర్" అని హెడ్డింగులు వచ్చాయి, పదివేలకు ఎనిమిది అన్న మాట ఎవరికీ గుర్తు లేదు, 63 ఏళ్ళు అన్న మాట అసలు లేదు. ఏ హార్మోన్, ఏ వయసులో, నోటితోనా చర్మంతోనా, ఇవేవీ లేకుండా "హార్మోన్" అనే ఒక్క మాట మిగిలింది. మీ వ్యాసంలోనూ అదే మిగిలింది.

ఇక దారి సంగతి. నేను సైన్సు టీచర్ని కాబట్టి నాకు ఇది భలే నచ్చింది. మాత్ర మింగితే అది పేగుల్లోంచి నేరుగా లివర్‌కి పోతుంది, ఒంట్లో మిగతా చోట్లకు వెళ్ళేది ఆ తరవాతే. లివర్ అందులో చాలా భాగాన్ని అక్కడికక్కడే విరగ్గొట్టేస్తుంది. అందుకే మాత్రలో 1 మిల్లీగ్రాము ఈస్ట్రాడయోల్ (ఈస్ట్రోజన్‌లో ఒక రకం) పెడితే వచ్చే ఫలితం చర్మం మీద అంటించే ప్యాచ్‌లో రోజుకు 50 మైక్రోగ్రాములతో వస్తుంది. అంటే ఇరవయ్యో వంతు. అంత ఈస్ట్రోజన్ ఒక్కసారిగా మీద పడేసరికి లివర్ రక్తం గడ్డకట్టించే ప్రొటీన్లను ఎక్కువగా తయారు చేస్తుంది, కాళ్ళలో గడ్డలు, ఊపిరితిత్తుల్లో గడ్డలు అనే భయం ముఖ్యంగా అక్కడిదే. చర్మం మీద రాసుకున్నది నేరుగా రక్తంలో కలుస్తుంది, లివర్ మీద ఆ మొదటి దెబ్బ పడదు. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పెద్ద లెక్క వేశారు. రక్తం గడ్డలు కట్టిన 80,000 మంది ఆడవాళ్ళ రికార్డులు తీసి, అవి లేనివాళ్ళతో పోల్చి చూస్తే హార్మోన్ మాత్రలు వాడినవాళ్ళలో ముప్పు 58 శాతం ఎక్కువ, ప్యాచ్‌లు జెల్‌లు వాడినవాళ్ళలో పెరగనే లేదు. ఇది చీటీలు వేసి సగం మందికి జెల్, సగం మందికి ఉత్తుత్తి జెల్ ఇచ్చి చూసింది కాదు, రికార్డులు చూసి చెప్పింది, ఆ తేడా నాకు తెలుసు. అయినా అంతకుముందు ఫ్రాన్స్‌లో చూసినప్పుడూ ఇదే మాట వచ్చింది.

నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం, బరువు 82 కిలోలు. రాయడానికి సిగ్గేం లేదు, ఎవరికో పనికొస్తుంది. ఈ బరువుకు మాత్ర కంటే చర్మం దారే మంచిదని బ్రిటన్‌లో డాక్టర్లకు ఇచ్చే మార్గదర్శకాల్లో 2015 నుంచే ఉంది. మా డాక్టరు నాకు జెల్ రాసింది అందుకే.

ఇప్పుడు అవతలి వైపు కూడా చెప్పాలి, లేకపోతే నేనూ మీ వ్యాసం లాంటిదే రాసినట్టవుతుంది. రక్తం గడ్డల సంగతిలో చర్మం దారి మంచిదే గానీ రొమ్ము క్యాన్సర్ సంగతిలో ఏ దారైనా పెద్ద తేడా లేదు. 2019లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన లెక్కలో, యాభై ఏళ్ళకు మొదలుపెట్టి అయిదేళ్ళు ఈస్ట్రోజన్, ప్రొజెస్టోజన్ (గర్భసంచి కోసం తోడుగా ఇచ్చే ప్రొజెస్టిరాన్ తరహా హార్మోన్) రెండూ రోజూ వాడితే, డెబ్బై ఏళ్ళు వచ్చేలోపు ప్రతి 50 మందిలో ఒకరికి అదనంగా రొమ్ము క్యాన్సర్ వస్తుందన్నారు. ఒక్క ఈస్ట్రోజనే వాడితే 200 మందిలో ఒకరు. నేను ఈ అంకె చూసే, నా ఇష్టంతోనే వాడుతున్నాను, ఏటా మామోగ్రామ్ తీయించుకుంటున్నాను. మా లెక్కల టీచరు వాళ్ళమ్మగారికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది, అందుకని ఆ టీచరు అదే అంకె చూసి వద్దనుకుంది. ఇద్దరం తెలిసే నిర్ణయించుకున్నాం కదా, నాకు కావలసింది అదే.

ఇంకొకటి, ఇది అన్నిటికంటే ముఖ్యం. గర్భసంచి ఉన్నవాళ్ళు జెల్ గానీ ప్యాచ్ గానీ ఒక్కదాన్నే వాడకూడదు. ఈస్ట్రోజన్ ఒక్కటే వాడితే గర్భసంచి లోపలి పొర మందమై క్యాన్సర్ దాకా పోతుందని 1975లోనే అమెరికాలో బయటపడింది. దాన్ని ఆపడానికి ప్రొజెస్టిరాన్ కూడా కావాలి. నేను రాత్రి పడుకునే ముందు ఒక క్యాప్సూల్ వేసుకుంటాను, దానితో కాస్త మత్తుగా ఉంటుంది, ఆ మత్తు నాకు వరమే. ఈ మధ్య ఫోన్‌లో "నేచురల్ ప్రొజెస్టిరాన్ క్రీము, అడవి పెండలం దుంపల నుంచి తీసింది, డాక్టరు అక్కర్లేదు" అని ప్రకటనలు ఒకటే వస్తున్నాయి. చర్మానికి రాసుకునేవన్నీ ఒకటే అనుకుని ఆ క్రీము కొని, ఈస్ట్రోజన్ జెల్‌కు తోడుగా రాసుకునేవాళ్ళుంటారు. ఆ క్రీము గర్భసంచిని కాపాడుతుందని నమ్మకం పెట్టుకోవడానికి లేదు. చర్మం దారి మంచిది అన్నది ఈస్ట్రోజన్‌కు చెప్పిన మాట, ప్రతి క్రీముకూ కాదు.

వాడే పద్ధతి గురించి ఎవరూ చెప్పరు గనక చెబుతాను. మందు డబ్బాలో పదహారు మడతలు పెట్టిన పల్చటి కాగితం ఒకటుంటుంది, అంతా ఇంగ్లీషు, చీమ తలకాయంత అక్షరాలు. ఫోన్ కెమెరాతో జూమ్ చేసి రెండు సాయంత్రాలు చదివాను. పంపు ఒకసారి నొక్కితే 1.25 గ్రాముల జెల్ వస్తుంది, అందులో 0.75 మిల్లీగ్రాముల ఈస్ట్రాడయోల్ ఉంటుంది. మోచేతి పైనా కిందా పల్చగా పరచాలి, రుద్దక్కర్లేదు. రొమ్ముల మీద రాయకూడదు. ముందు కొబ్బరినూనె రాసుకుని దాని మీద రాయకూడదు, రాశాక గంట దాకా కడగకూడదు. ఇవన్నీ సరే. నేను స్నానం చేసి, జెల్ రాసుకుని, నేరుగా దేవుడి గదిలోకి వెళ్ళి అగ్గిపుల్ల గీసేదాన్ని, నెల రోజుల పాటు అదే అలవాటు. ఆ కాగితం మూడో మడతలో ఉంది, జెల్‌లో ఆల్కహాల్ ఉంటుంది, ఆరేదాకా మంట దగ్గరికి వెళ్ళొద్దు అని. ఒళ్ళు జలదరించింది. ఇప్పుడు ముందు దీపం పెట్టి, టిఫిను పని అయ్యాక, స్టవ్ కట్టేసి రాసుకుంటున్నాను. ఇడ్లీ ఆవిరి దగ్గర నిలబడి రాసుకునే మన ఆడవాళ్ళకు ఈ ఒక్క లైను తెలుగులో ఎవరైనా చెప్పారా?

పిల్లల సంగతి కూడా. మా పక్కింటి పాపకు మూడేళ్ళు, పొద్దున్నే వచ్చి నా చేతులు పట్టుకుని వేలాడుతుంది. 2010లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటిదే ఒక ఈస్ట్రోజన్ స్ప్రే గురించి హెచ్చరిక ఇచ్చింది. తల్లులో అమ్మమ్మలో ముంజేతికి కొట్టుకున్న మందు తగిలి చిన్నపిల్లల్లో, మగపిల్లల్లో కూడా, రొమ్ములు ఉబ్బాయట, ఇంట్లో కుక్కలకూ తగిలిందట. అందుకని రాసుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కుంటాను, ఆరాక రాసిన చోటంతా కప్పేలా నిండు చేతుల జాకెట్టు వేసుకుంటాను, పాపను ఆ తరవాతే ఎత్తుకుంటాను.

మా ఆడపడుచు ఇంగ్లండ్‌లో ఉంటుంది, ఆవిడది ప్యాచ్. వారానికి రెండుసార్లు మార్చే బిళ్ళ, నడుం కింద అంటించుకుంటుంది. 2022లో అక్కడ జెల్‌కు ఎంత కరువొచ్చిందంటే ఒకరికి మూడు నెలలకు మించి ఇవ్వొద్దని ప్రభుత్వమే ఆంక్ష పెట్టింది, మెడికల్ షాపుల చుట్టూ తిరిగానంది. అలాంటి మనిషి మే నెలలో మా ఇంటికొచ్చి వారంలో మూడు ప్యాచ్‌లు పోగొట్టుకుంది. మన చెమటకు అంచులు లేస్తాయి, పైగా ఇక్కడ చీర కడితే సరిగ్గా లంగా బొందు దాని మీదే పడింది, కట్టినప్పుడల్లా ఒరుసుకుని ఊడిపోయింది. ఇంకా కిందకి, పిరుదు మీద అంటించుకున్నాక నిలిచింది. స్టిక్కర్ బొట్టు పడనివాళ్ళకు ఈ జిగురు కూడా పడకపోవచ్చు, దురద పెడుతుంది. అలాంటివాళ్ళకు జెల్ నయం.

ఇంతా రాసింది నా కోసం కాదు, నేను జీతం వచ్చేదాన్ని, చదువుకున్నదాన్ని, రెండో డాక్టరు దగ్గరికి వెళ్ళగలిగాను. మా పిన్ని పల్నాడులో ఉంటుంది. ముప్పై మూడో ఏట తెల్లబట్ట అవుతోందని వెళితే, గర్భసంచి పాడైంది, తీయించుకోకపోతే క్యాన్సర్ అవుతుందన్నారు. తీయించుకుంది. పీడా పోయింది అనుకుంది. ఆర్నెల్లు తిరక్కుండా ఆవిర్లు మొదలు. మిరప కోతల్లో నెత్తిన తడి తువ్వాలు వేసుకుని పనిచేసేది, ఎండకనుకున్నారు అందరూ. నలభై అయిదో ఏట వాకిట్లో జారితే మణికట్టు విరిగింది. నేను పోయినేడాది వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ట్రంకు పెట్టెలోంచి ఆ డిశ్చార్జి కాగితం తీయించి చదివాను. బైలేటరల్ సాల్పింగో ఊఫొరెక్టమీ అని రాసుంది. అంటే గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు. పాతికేళ్ళుగా ఆ కాగితం పెట్టెలోనే ఉంది, ఆవిడకు ఆ సంగతి తెలియదు. నేను చెబితే, "అవి కూడా తీశారా, నన్నడగలేదే" అంది. అంతే అంది.

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. అండాశయాలు ఉంచినా సరే, గర్భసంచి తీశాక అవి కొన్నేళ్ళు ముందే అలిసిపోవచ్చు, తీసేస్తే ఆ క్షణం నుంచే మెనోపాజ్. నలభై అయిదు లోపు ఇలా అయినవాళ్ళు, వేరే అడ్డంకి లేకపోతే, మామూలుగా నెలసరి ఆగే వయసు దాకా హార్మోన్ వాడాలన్నది డాక్టర్ల పుస్తకాల్లో ఉన్న మాటే. ఒంట్లో ఉండాల్సిన వయసులో లేనిదాన్ని తిరిగి ఇవ్వడం అది, ఎముకల కోసం, గుండె కోసం. పైగా గర్భసంచి లేదు కాబట్టి ప్రొజెస్టిరాన్ గొడవ లేదు, ఒక్క ఈస్ట్రోజన్ చాలు, జెల్ రూపంలోనో ప్యాచ్ రూపంలోనో. అమెరికా పరిశోధనలో ఉన్నవాళ్ళు 50 నుంచి 79 ఏళ్ళ వాళ్ళు. ముప్పై మూడేళ్ళ మనిషికి ఆ భయం చూపించి మందు ఆపడం ఏం న్యాయం? మా పిన్నికిప్పుడు 58. ఇప్పుడు మొదలుపెడదామా అని మా డాక్టర్ని అడిగాను. నెలసరి ఆగిన పదేళ్ళ లోపు, అరవై లోపు మొదలుపెడితేనే లాభం ఎక్కువ నష్టం తక్కువ, పాతికేళ్ళ తరవాత వద్దు, ఎముకలకు వేరే మందు చూద్దాం అన్నారు.

2025 నవంబరులో అదే ఎఫ్‌డీఏ ఈ మందుల కాగితాల్లో ఇరవై ఏళ్ళకు పైగా నల్ల గీతల చట్రం కట్టి వేస్తున్న హెచ్చరికలో గుండె జబ్బు, రొమ్ము క్యాన్సర్ మాటలు తీసేయిస్తామని ప్రకటించింది. గర్భసంచి ఉన్నవాళ్ళు ఈస్ట్రోజన్ ఒక్కటే వాడొద్దన్న హెచ్చరిక మాత్రం అలాగే ఉంచారు. ఇక ఇప్పుడు చూడండి, నిన్నటిదాకా విషం అన్నవాళ్ళే అమృతం అంటారు, ముఖం మెరవడానికి హార్మోన్, బరువు తగ్గడానికి హార్మోన్ అని బోర్డులు పెడతారు. కాళ్ళలో గడ్డలు కట్టినవాళ్ళు, రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ళు, కారణం తెలియని రక్తస్రావం అవుతున్నవాళ్ళు, లివర్ జబ్బున్నవాళ్ళు, అందరూ ఆ బోర్డులు చదువుతారు. హార్మోన్ వాడకూడనివాళ్ళలో కొందరికి (లివర్ జబ్బున్నవాళ్ళకు మాత్రం ఇదీ పనికిరాదు) హార్మోన్ లేకుండా మెదడులోని ఆ థర్మోస్టాట్ మీదే పనిచేసే మాత్ర ఒకటి, ఫెజోలినెటాంట్ అని, 2023 మేలో అమెరికాలో ఆమోదం పొందింది. మా లెక్కల టీచరు దాని గురించే కనుక్కుంటోంది.

మిమ్మల్ని అడిగేది ఒకటేనండి. మళ్ళీ ఒక ఆదివారం అదే పేజీలో, అంతే చోటులో, ఒక గైనకాలజిస్టుతో రాయించండి. మాత్రకూ జెల్‌కూ తేడా, గర్భసంచి ఉన్నవాళ్ళకు ఏది లేనివాళ్ళకు ఏది, ఎవరు వాడకూడదు, ఆ పదహారు మడతల కాగితంలో ఉన్నది తెలుగులో, కాస్త పెద్ద అక్షరాలతో. ఆపరేషన్‌కు ముందు అండాశయాలు ఉంచుతున్నారా తీస్తున్నారా అని అడగాలన్నది మొదటి లైనులోనే వేయించండి. త్వరగా వేస్తే మేలు. మా పిన్ని కూతురికి 36 ఏళ్ళు, పోయిన నెల తనకూ గర్భసంచి తీయించుకోమని చెప్పారట, సంక్రాంతి వెళ్ళాక చేయించుకుంటానంటోంది.

ఇట్లు
ఒక హైస్కూలు సైన్సు టీచరు,
పశ్చిమ గోదావరి జిల్లా